బ్రోకరు యాడికీ పోలేదు, ఫోన్లోకి పోయినాడు

(మన నేల, మన లెక్క – 9వ భాగం)

మొన్న హిందూపురంలో హాస్టల్ పిల్లలతో కూర్చున్నప్పుడు డిగ్రీ చదివే తమ్ముడొకడు అడిగినాడు. "అన్నా, మా నాయన రెండెకరాలు అమ్ముతానంటాన్నాడు. బ్రోకరు చేతిలో పెడితే సగం వాడే తింటాడు. ఆన్‌లైన్‌లో పెడితే కొనేటోనికి మనమే నేరుగా అమ్ముకోవచ్చు కదా? యాప్‌కు కులం లేదు కదా?"

చివరి మాటకు పిల్లలంతా చప్పట్లు కొట్టినారు. నాకూ కొట్టబుద్ధయింది. కానీ ఆ రోజు సరైన జవాబు చెప్పలేకపోయినాను. అందుకే ఈ భాగం.

యాప్‌కు కులం లేదు, నిజమే. సర్వే నంబరుకు ఉంది.

మా చిన్నమ్మ ఇంట్లో జరిగింది చెబుతాను, మీకే తెలుస్తుంది. ఆమెకు లేపాక్షి పక్కన రెండెకరాల ముప్పై సెంట్లు ఉంది. మా తాతకు ఎమర్జెన్సీ కాలంలో వచ్చిన డి.కె.టి. పట్టా. సగం గుట్ట, సగం ఎర్రమట్టి. వాన పడితే శెనక్కాయ, పడకపోతే కంపచెట్లు. చిన్నాయనకు కిడ్నీ జబ్బు చేసి ఆస్పత్రుల చుట్టూ తిరగడం మొదలైనాక అమ్ముదామనుకున్నారు. వాళ్ళ పిల్లోడు బెంగళూరులో డెలివరీ పని చేస్తాడు. ఫోన్ బాగా తెలిసినోడు. చేను ఫోటోలు నాలుగు తీసి, ధర రాసి, ఒక యాప్‌లో పెట్టినాడు. బ్రోకరు లేడు, కమీషన్ లేదు అని ఇంట్లో అందరికీ చెప్పినాడు.

సాయంత్రానికి ఆరు ఫోన్లు వచ్చినాయి. ఆరుగురూ బ్రోకర్లే. "పార్టీ రెడీగా ఉంది సార్, సర్వే నంబరు చెప్పండి సార్, లొకేషన్ పంపండి సార్" అని ఒకటే సార్లు. మూడో ఫోన్‌లో వీడు సర్వే నంబరు చెప్పినాడు. అవతల ఒక్క నిమిషం మాట లేదు. ఆ తర్వాత, "ఓ, అది గేరోళ్ళ భూమి కదా? నువ్వు ఫలానావాని కొడుకువారా? మీ అమ్మకు ఫోనియ్యి" అన్నాడు. మా ఊరి టీ అంగడి బెంచీ మీద పొద్దంతా కూర్చునే మనిషే ఆయన. సార్ నుంచి "రా"కు దిగడానికి ఆయనకు పట్టింది ఒక సర్వే నంబరు దూరం.

మరుసటి రోజు ఇంటికొచ్చినాడు. ఇంట్లోకి రాలేదు, వేపచెట్టు కింద మోటార్‌సైకిల్ దిగకుండానే మాట్లాడినాడు. "యాప్‌లో పెట్టినా, పేపర్లో వేసినా, చివరికి నా దగ్గరికే రావాలక్కా. డి.కె.టి. భూమి ఎవడు కొంటాడు? ఫ్రీహోల్డ్ నేను చేయిస్తాను. యాభై వేలు అడ్వాన్సు తీసుకో, ఈ కాగితాల మీద వేలిముద్ర వెయ్యి" అన్నాడు. చిన్నమ్మ ఆ కాగితాలు నాకు చూపించింది. పైన అగ్రిమెంట్ అని ఉంది, కింద జత చేసింది జనరల్ పవర్ ఆఫ్ అటార్నీ. అంటే ఆ వేలిముద్ర పడిన రోజు నుంచి ఆమె పేరు మీద ఎవరితోనైనా బేరమాడే అధికారం ఆయనది. జి.పి.ఏ.తో అమ్మితే యాజమాన్యం మారదని సుప్రీంకోర్టు 2011లో సూరజ్ ల్యాంప్ కేసులో చెప్పింది. చెప్పి ఇన్నేళ్ళయినా మా టీ అంగడిలో ఆ తీర్పు ఇంకా అమల్లోకి రాలేదు.

తమ్ముడూ, నీ ప్రశ్నలో ఒక పొరపాటు ఉంది. బ్రోకరు కమీషన్ తింటాడని నువ్వనుకుంటున్నావు. రెండు పక్కలా నూటికి ఒకటో రెండో తీసుకుంటే అది తిండి కాదు, కూలి. వాని అసలు తిండి వేరే చోట ఉంది. రైతుతో ఎకరా పన్నెండు లక్షలకు అగ్రిమెంట్ రాసుకుంటాడు, కొంచెం అడ్వాన్సు ఇస్తాడు, ఆరు నెలలో ఏడాదో గడువు పెట్టుకుంటాడు. ఆ లోపల బెంగళూరు పార్టీని పట్టి ఇరవైకి బేరం కుదుర్చుకుంటాడు. రిజిస్ట్రేషన్ రోజు రైతే వచ్చి సంతకం పెడతాడు, భూమి నేరుగా పార్టీ పేరు మీదికి పోతుంది. నడుమ ఎనిమిది లక్షలు ఏ కాగితంలోనూ కనపడవు. (పన్నెండు, ఇరవై లెక్క కోసం చెప్పినవి. మీ ఊరి అంకెలు మీరు వేసుకోండి.) ఈ వ్యాపారం నడవాలంటే ఒకే ఒక్క షరతు. అమ్మేవాడూ కొనేవాడూ ఒకరితో ఒకరు ధర మాట్లాడుకోకూడదు. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసు దగ్గర మనవాళ్ళను ఒక చెట్టు కింద, పార్టీని కారులో కూర్చోబెట్టేది అందుకే.

మరి యాప్ ఏం తింటుంది? చాలా సైట్లలో అమ్మేవాడు ప్రకటన ఉచితంగానే పెట్టుకోవచ్చు. ఉచితంగా పెట్టుకోనిచ్చి వాళ్ళు బతికేదెట్లా? నీ ఫోన్ నంబరు, నీ అవసరం వాళ్ళ సరుకు. నెలనెలా డబ్బు కట్టే ఏజెంటుకు ఆ నంబర్లు ముందు చేరతాయి. ప్రకటన పైన కనపడాలంటే వేరే రేటు. అంటే టీ అంగడి బెంచీ పోలేదు, దానికి బాడుగ కట్టించుకునేటోడు ఇంకొకడు వచ్చినాడు. "బ్రోకర్ లేడు" అన్న మాటనే పేరుగా పెట్టుకున్న కంపెనీ 2014లో మన పక్కనున్న బెంగళూరులోనే పుట్టింది. ఫ్లాటు అద్దెకిచ్చే ఉద్యోగికి అదేమన్నా పనికొస్తుందేమో. కొండ కింద సబ్ డివిజన్ కాని సర్వే నంబరులో, తాత పేరు మీదనే ఉండిపోయిన పట్టాకు అది పనికిరాదు.

ఇంగ్లండులో ఈ ప్రశ్నకు నిజంగా అర్థముంది. అక్కడ పర్పుల్‌బ్రిక్స్ అని ఒక ఆన్‌లైన్ ఏజెంటు 2014లో దిగి, ఇల్లు అమ్మిపెట్టడానికి ఇంత అని ఒకటే ఫీజు పెట్టి పాత ఏజెంట్లను గడగడలాడించింది. 2023లో అదే కంపెనీ ఒక్క పౌనుకు అమ్ముడుపోయింది, అది వేరే కథ. కానీ అక్కడ ఇల్లెవరిదో భూముల రిజిస్ట్రీ చెబుతుంది, ఆ మాటకు ప్రభుత్వం పూచీ ఉంటుంది. అందుకే ఏజెంటు ఎవరైతే చవక అన్న లెక్క మాత్రమే మిగులుతుంది. మనకు రిజిస్ట్రేషన్ అంటే లావాదేవీ నమోదు, అంతే. భూమి నీదని ఏ ఆఫీసూ పూచీ పడదు. లేపాక్షి గుడిలో వేలాడే స్తంభం కింద టూరిస్టులు గుడ్డ దూర్చి ఈ పక్క నుంచి ఆ పక్కకు లాగి ఆశ్చర్యపోతారు కదా. మా గేరిలో ఏ పాసుపుస్తకం కిందనైనా అట్లా గుడ్డ దూర్చొచ్చు. ఫోటో తీసుకునేవాళ్ళు లేరంతే.

ఆ సందు ఎక్కడుందో చూద్దాం. మనకొచ్చిన భూముల్లో ఎక్కువ భాగం అసైన్డ్. 1977 చట్టం, అంటే అసైన్డ్ భూముల బదలాయింపు నిషేధ చట్టం ప్రకారం వాటిని అమ్మకూడదు, దానమివ్వకూడదు, బయటివాళ్ళకు తాకట్టు పెట్టకూడదు. 2007లో రిజిస్ట్రేషన్ చట్టంలో 22-ఏ సెక్షన్ తెచ్చి ఇలాంటి భూములను నిషేధిత జాబితాలో పెట్టడం మొదలుపెట్టినారు. ఉద్దేశం మంచిదే: పేదోని భూమి పెద్దోనికి పోకూడదు. పోకుండా ఆగిందా? చిలమత్తూరు రోడ్డు మీద నిలబడి చూడండి. నిషేధం భూమిని ఆపలేదు, ధరను మాత్రం ఆపింది. రిజిస్ట్రేషన్ కాదు కాబట్టి తెల్లకాగితం మీద కొంటారు. తెల్లకాగితం కాబట్టి నాలుగో వంతు ఇస్తారు. కొన్నోడు కంచె వేసుకుని, చట్టం మారే దాకా ఓపికగా కూర్చుంటాడు. ఓపిక ఉన్నోనికే భూమి. చిన్నాయనకు వారానికి మూడు సార్లు డయాలసిస్. ఓపిక పట్టే వీలు యాడుంది?

అదే చట్టంలో నాలుగో సెక్షన్ ఉంది. నిషేధాన్ని మీరి కొన్నవాణ్ణి ఖాళీ చేయించి భూమిని అసలు పట్టాదారుకో వారసులకో తిరిగి ఇప్పించాలని. ఈ మాట ఏ బ్రోకరూ చెప్పడు, ఏ యాప్‌లోనూ రాయరు. సరిహద్దు దాటితే కర్ణాటకలో ఎస్సీ, ఎస్టీలకు ఇచ్చిన భూములకు 1978 నుంచి ఇలాంటి చట్టమే ఉంది. ఎన్నేళ్ళ తర్వాతైనా వాపసు అడగవచ్చని 2023లో దాన్ని సవరించుకున్నారు కూడా. దళిత సంఘాలు ఏళ్ళ తరబడి కొట్లాడితే వచ్చింది అది. ఇక్కడికి నలభై మైళ్ళలో.

బెంగళూరువాళ్ళు మన మీదికే ఎందుకు వచ్చినారో కూడా తెలుసుకోవాలి. ఎయిర్‌పోర్టు 2008లో దేవనహళ్ళికి వచ్చింది, 44వ నంబరు హైవే చిలమత్తూరు మండలం మీదుగా పోతుంది, పెనుకొండ దగ్గర కియా వచ్చింది. ఇవన్నీ అందరికీ తెలుసు. తెలియనిదొకటుంది. కర్ణాటకలో 2020 దాకా వ్యవసాయదారుడు కానోడు వ్యవసాయ భూమి కొనడానికి చట్టం అడ్డం ఉండేది. 79-ఏ, 79-బి అని రెండు సెక్షన్లు. ఆంధ్రలో ఆ అడ్డం లేదు. సాఫ్ట్‌వేర్ ఉద్యోగి అక్కడ కొనలేని చేను చెక్‌పోస్టు దాటితే కొనుక్కోవచ్చు. మన కరువు నేల మీద ప్రేమ అట్లా పుట్టింది.

ఇంక అన్నిటికన్నా పెద్ద బ్రోకరు సంగతి. ఆయనకు టీ అంగడి బెంచీ లేదు, యాప్ లేదు, రాజముద్ర ఉంది. లేపాక్షి నాలెడ్జ్ హబ్. మీలో చాలామంది అప్పటికి బడిలో కూడా చేరి ఉండరు. చిలమత్తూరు, గోరంట్ల మండలాల్లో 8,844 ఎకరాలను నాటి ప్రభుత్వం ఏపీఐఐసీ ద్వారా ఒక కంపెనీకి కట్టబెట్టింది. ప్రభుత్వ భూమికి ఎకరా 50 వేలు. అందులో పేదల అసైన్డ్ చేలు, మేపుకునే బీళ్ళు ఉన్నాయి. ఉద్యోగాలు వస్తాయన్నారు. మా ఈడు పిల్లలు టైపు నేర్చుకున్నారు, ఇంగ్లీషు నేర్చుకున్నారు. ఫ్యాక్టరీ రాలేదు. అందులో నాలుగు వేల ఎకరాలకు పైగా బ్యాంకుల్లో కుదువపెట్టి వందల కోట్ల అప్పు తెచ్చినారు. 2013లో సీబీఐ చార్జిషీటు వేసింది. తప్పెవరిదో తేల్చాల్సింది కోర్టు. అప్పులు కట్టలేక మాతృ కంపెనీ దివాలా ప్రక్రియలోకి పోయింది, భూమి అప్పులోళ్ళ లెక్కల్లో ఒక వరుసగా మారింది.

ఇక్కడ నా కడుపు మండే విషయం ఒకటే. ఆ చేలు మా చేతిలో ఉన్నంతకాలం చట్టం ఏమన్నది? ఇది నువ్వు అమ్మకూడదు, కుదువ పెట్టకూడదు, నీకు తెలివి చాలదు, మోసపోతావు. కంపెనీ చేతికి పోగానే అదే మట్టి కోట్ల అప్పుకు హామీ అయిపోయింది. మట్టి మారలేదు కదా.

అసైన్డ్ భూమిని ప్రభుత్వం తీసుకుంటే సొంత పట్టాదారుకు ఇచ్చినట్టే మార్కెట్ విలువ కట్టివ్వాలని ఉమ్మడి హైకోర్టు విస్తృత ధర్మాసనం 2004లోనే మేకల పాండు కేసులో చెప్పింది. హబ్ కోసం భూములు తీసుకునేటప్పటికి ఆ తీర్పు వచ్చి ఏళ్ళయింది. ఆ రోజు ఆ తీర్పును చేతిలో పట్టుకుని ఊర్లల్లో తిరిగిన కార్యకర్తలం ఎంతమందిమి? నన్ను నేను కూడా అడుగుతున్నాను. అప్పుడు నేను గోడల మీద నినాదాలు రాస్తూ ఉన్నాను. నినాదం బాగానే రాసినాను. తీర్పు చదవలేదు.

2023లో చట్టం సవరించి, భూమి ఇచ్చి ఇరవై ఏళ్ళు దాటితే అసలు పట్టాదారు అమ్ముకోవచ్చన్నారు. ఫ్రీహోల్డ్ అంటే ఇదే. 2024లో ప్రభుత్వం మారింది. ఫ్రీహోల్డ్‌లో అక్రమాలు జరిగినాయని రిజిస్ట్రేషన్లు ఆపేసి గడువు మీద గడువు పొడిగించినారు. అక్రమాలు జరగలేదని నేననను. చట్టం రాకముందే తెల్లకాగితాల మీద కొని పెట్టుకున్నోళ్ళకు అది పండగ. కానీ విచారణ పేరుతో అందరినీ ఒకే మూటలో కట్టినారు. వేల ఎకరాలు పోగేసినోడూ, డయాలసిస్‌కు రెండెకరాలు అమ్ముకుందామనుకున్న మా చిన్నమ్మా ఇద్దరూ ఒకే జాబితాలో. పోగేసినోనికి ఆగితే నష్టమేముంది? వడ్డీ కట్టేది చిన్నమ్మ. నూటికి మూడు రూపాయల వడ్డీ, నెలకు.

అమ్మే హక్కు మనకు వద్దని నేననను. హక్కు వచ్చే రోజుకు భూమి మన చేతిలో ఉండేటట్టు చూసుకున్నామా అన్నదే అడుగుతున్నాను.

ఇక్కడ మన సొంత సంఘాల్లోని పెద్దలతో కూడా నాకు పేచీ ఉంది. "భూమి అమ్ముకోవడం ద్రోహం, అంబేడ్కర్ బిడ్డలు భూమి అమ్మరు" అని స్టేజీ మీద చెబుతారు. చెప్పేవాళ్ళలో సగం మందికి నెల జీతముంది. బిడ్డ నర్సింగ్ సీటుకు, మొగుని ఆస్పత్రికి, ఎండిపోయిన నాలుగో బోరు అప్పుకు అమ్మే ఆడమనిషిని ద్రోహి అంటే ఆమె మన దగ్గరికి రాదు. రహస్యంగా టీ అంగడికి పోతుంది. సిగ్గు ఎంత ఎక్కువైతే ధర అంత తక్కువ. రహస్యంగా జరిగే అమ్మకంలో బ్రోకరు తప్ప ఎవరూ బాగుపడరు.

కాబట్టి తమ్ముడూ, నీ ప్రశ్నకు. మీ నాయనది పూర్తి పట్టా అయితే, మీభూమిలో 1బీ, అడంగల్ మీ నాయన పేరు మీద సరిగ్గా ఉంటే, ఈసీ తీయిస్తే అడ్డం ఏమీ లేకుంటే, 22-ఏ జాబితాలో సర్వే నంబరు లేకుంటే, అప్పుడు యాప్‌లో పెట్టు. అమ్మడానికి కాదు, ధర తెలుసుకోవడానికి. వచ్చే ఫోన్లకు సర్వే నంబరు చెప్పకు, మండలం చెప్పు, వాళ్ళ నోటి నుంచి అంకె రానివ్వు. మా పిల్లోడు చేసిన దాంట్లో మంచి ఏదైనా ఉందంటే అదే. సర్వే నంబరు చెప్పకముందు రెండు ఫోన్లలో వాళ్ళన్న అంకె, వేపచెట్టు కింద చెప్పిన అంకెకు దాదాపు రెండింతలు. ఊరి బ్రోకరును కూడా వద్దనకు. చేనుకు మనిషిని తోలుకొచ్చే కాళ్ళు వానికి ఉన్నాయి, ఆ కాళ్ళకు కూలి ఇయ్యి. నూటికి ఇంత అని కాగితం మీద రాసి ఇయ్యి, రిజిస్ట్రేషన్ అయినాక ఇయ్యి. వాని పేరు మీద అగ్రిమెంట్ మాత్రం రాయొద్దు. జి.పి.ఏ. అన్న మూడక్షరాలు కనపడితే కాగితం మడిచి వాపసు ఇచ్చేయి. బేరం రోజు కొనేవాడు, మీ నాయన, మీ అమ్మ ఒకే బల్ల దగ్గర కూర్చోవాలి. మీ అమ్మ లేకుండా అంకె మాట్లాడొద్దు. ఆస్పత్రి ఖర్చు ఎంతో, ఫీజు ఎంతో నిజంగా తెలిసింది ఆమెకే.

డి.కె.టి. అయితే అగ్రిమెంట్ అన్న మాటే వద్దు. ఫ్రీహోల్డ్ చేయిస్తానని చెప్పేవాడు తహసీల్దారు కాదు, అడ్వాన్సు తీసుకునేవాడు.

కొట్లాడాల్సింది ఇంకొకటి మిగిలింది. రెరా చట్టం 2016లో వచ్చింది. ఏజెంటు రిజిస్టర్ చేసుకోవాలని అందులో ఉంది కదా అంటారు చదువుకున్నోళ్ళు. ఆ చట్టం వెంచర్లలో ప్లాటు కొనేవాని కోసం వచ్చింది. అదే వెంచర్‌కు చేను అమ్మిన రైతు దగ్గరికొచ్చే మధ్యవర్తికి ఏ రిజిస్ట్రేషనూ అక్కర్లేదు, ఏ లెక్కా చూపక్కర్లేదు. ప్లాటు కొనే సాఫ్ట్‌వేర్ ఉద్యోగికి వెబ్‌సైటులో ఫిర్యాదు పెట్టే చోటుంది, ఆ ప్లాటు కింది మట్టి అమ్మిన మాదిగ ఆడమనిషికి లేదు. వ్యవసాయ భూమి అమ్మించే ప్రతి మధ్యవర్తీ, బెంచీ మీద ఉన్నా ఫోన్లో ఉన్నా, మండలాఫీసులో పేరు రాయించుకోవాలి, కొన్నోడు ఇచ్చిన అంకె అమ్మినోనికి చూపించాలి. ఫ్రీహోల్డ్ ఫైళ్ళలో అసలు పట్టాదారులవీ వారసులవీ వేరు చేసి ముందు తేల్చాలి. ఈ రెండూ రాసిన అర్జీ తయారైంది. కలెక్టరాఫీసు గ్రీవెన్స్‌కు పుట్టపర్తి పోతున్నాం.

చిన్నమ్మ ఇంకా అమ్మలేదు. యాప్‌లో ప్రకటన అట్లే ఉంది, పిల్లోడు తీసేయడం మరిచిపోయినాడు, వారానికొకడు ఫోన్ చేసి సార్ అంటూ ఉంటాడు. ఇరవై ఐదు వేలు సంఘం తరఫున వడ్డీ లేకుండా సర్దినాము, అది రెండు నెలలకు కూడా రాదు.

ఆదివారం పొద్దున పది గంటలకు లేపాక్షిలో ఉంటాను. డి.కె.టి. పట్టాలు, పాసుపుస్తకాలు, ఎవరైనా వేలిముద్ర వేయించుకున్న కాగితాల జిరాక్సులు తీసుకుని రండి. స్మార్ట్‌ఫోన్ బాగా తెలిసిన పిల్లలు ముగ్గురు నలుగురు కావాలి, ఈసీలూ 22-ఏ జాబితాలూ అక్కడికక్కడే చూడాలి. హాస్టల్ తమ్ముడూ, నువ్వు మీ నాయనను కూడా తోలుకొని రా.

జై భీమ్.